పది లెక్కపెట్టేదాకా

పిచ్చుక అని అందరూ పిలిచే పిల్ల ఊపిరాడక కూలబడినప్పుడు గాలిగొట్టం పెద్దక్క చేతిలోనే ఉంది. ఈ మాట ముందే చెప్పేయాలి. తర్వాతెప్పుడో చెబుదామనుకుంటే ఈలోగా మీకు పెద్దక్క మీద జాలి పుట్టుకొస్తుంది, అప్పుడు చెప్పడానికి నోరు రాదు. ఎక్కడ ఎవరికి చెప్పినా ఇక్కడి నుంచే మొదలుపెట్టమని పెద్దక్క కూడా అంటుంది.

అది పరుపుల ఫ్యాక్టరీ. పాత గుడ్డల్నీ, మిల్లుల్లో మిగిలిపోయిన పత్తి చెత్తనీ యంత్రాల్లో వేసి చీల్చి దూది చేస్తారు. ఆ దూది కూరి పరుపులు కుడతారు. దూదేకే హాల్లో నలభై ఒక్కరు పనిచేస్తారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. మధ్యాహ్నానికల్లా కనుబొమలు, జుట్టు, చెవుల అంచులు అన్నీ తెల్లబడిపోయి ఇరవై ఏళ్ళ పిల్ల కూడా ముసలమ్మయిపోతుంది. గోడకి రెండు నిలువుల ఎత్తున, గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు మూడున్నాయి. తనిఖీ వాళ్ళొచ్చిన రోజు తప్ప అవి తిరగవు. తిప్పితే దుమ్ముతో పాటు సన్నదూది కూడా బయటికి ఎగిరిపోతుందట. ఆ గుప్పెడు దూది బయటికి పోతుంటే యజమాని గుండె తరుక్కుపోతుంది. పనివాళ్ళ గుండెల్లోకి పోతుంటే మాత్రం ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

సాయంత్రం గంట కొట్టాక ఒకరి ఒంటి మీది పీచు ఒకరు ఊదుకోవడం ఆ హాల్లో అలవాటు. యంత్రాల సందుల్లో దుమ్ము వదలగొట్టడానికి పెట్టిన గాలిగొట్టం అది. మనుషుల మీదికి ఎవరు మొదట తిప్పారో ఎవరికీ గుర్తులేదు. వరసగా వచ్చి చేతులు చాపి చుట్టూ తిరిగితే, మేస్త్రి అయిన పెద్దక్క గొట్టం పట్టుకుని తల నుంచి పాదాల దాకా ఊదేది. మెడ మీద ఊది చక్కిలిగిలి పెట్టేది. పెళ్ళి కావలసిన పిల్లలనైతే ఇంకో రెండు చుట్లు తిప్పేది. పొద్దుటి నుంచి యంత్రాల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడని ఆ చోట ముద్దూ మురిపెం ఏదైనా ఉందంటే అదొక్కటే. ఒకరి ఒంటి మీంచి లేచిన దుమ్ము పక్కవాళ్ళ ముక్కులోకి పోతుందని, నేలకి దిగిన పీచునంతా లేపి మళ్ళీ మనమే తాగుతున్నామని ఎవరికీ తట్టలేదు. శుభ్రం చేసుకుంటున్నామనే అనుకునేవారు.

ఆ గురువారం పిచ్చుక మధ్యాహ్నం నుంచీ గొంతు సవరించుకుంటూనే ఉంది. సన్నగా ఉంటుందనీ, నోరు మూయదనీ ఆ పిల్లకి ఆ పేరు. ఆ రోజు నోరు మూసుకునే ఉంది. పెద్దక్క అది గమనించింది. గమనించి, పాపం అలసిపోయిందనుకుని, వంతు రాగానే వీపు తిప్పవే అని చెప్పి మిగతావాళ్ళ కన్నా ఎక్కువసేపే ఊదింది.

పిచ్చుక రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగింది. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. గొంతు కింది గుంట లోపలికి లాక్కుపోతోంది. నీళ్ళు కావాలా అని అడిగితే "నీ" అంది, "ళ్ళు" అనడానికి ఊపిరి మిగల్లేదు. అలాగే నేల మీద కూలబడింది.

పత్తి బేళ్ళు మోసే తాత పరుగెత్తి మూడో మిషను కింది పనిముట్ల డబ్బాలోంచి పంపు తెచ్చాడు. పంపంటే ఉబ్బసం వాళ్ళు నోట్లో పెట్టుకుని నొక్కే ఇన్‌హేలరు. అది హాలంతటికీ దొంగపంపు. ఎందుకంటే ఫ్యాక్టరీలోకి పంపు తేకూడదు. గేటు దగ్గర అగ్గిపెట్టెల కోసం వెతుకుతారు, అది న్యాయమే, దూది అంటుకుంటే బూడిదే మిగులుతుంది. ఆ వంకన పంపులూ వెతుకుతారు. అందులో గ్యాసుంది, ప్రమాదం అంటాడు సూపర్‌వైజరు. అసలు సంగతి అందరికీ తెలుసు. ఎవరి దగ్గర పంపు దొరికితే వాళ్ళు రోగిష్టివాళ్ళు. రోగిష్టివాళ్ళని రేపటి నుంచి రావద్దంటారు. అలా పని పోయినవాళ్ళు మూడేళ్ళలో తొమ్మిదిమంది. అందుకని తాత ఒక పంపును బేళ్ళ మధ్యన పెట్టి లోపలికి తెచ్చి డబ్బాలో దాచాడు. ఆయాసం వచ్చినవాళ్ళు యంత్రం చాటున కూర్చుని ఒక పీల్పు పీల్చి మళ్ళీ అక్కడే పెట్టేవారు. చెవి దగ్గర ఊపితే గలగలమంటోంది కదా, ఇంకా ఉందిలే అనుకునేవారు.

పిచ్చుక నోట్లో పెట్టి తాత నొక్కాడు. బుస్సుమంది. మళ్ళీ నొక్కాడు. ఆరుసార్లు నొక్కాడు. ఆ పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి తప్ప ఊపిరి దారికి రాలేదు.

అప్పుడే సూపర్‌వైజరు గుంపు తోసుకుని వచ్చాడు. ఊపిరాడని పిల్లని చూడలేదు. తాత చేతిలోదాన్ని చూశాడు.

"ఎవరిదది?"

ఒక్కొక్కరి మొహం చూస్తూ అక్కడే నిలబడ్డాడు.

పెద్దక్క నడుముకు, బట్టల లోపల, ఒక చిన్న గుడ్డసంచి ఉంది. అందులో నిండు పంపు ఉంది, కొని వారం కాలేదు. పెద్దక్కకి ఉబ్బసం వచ్చి ఎనిమిదేళ్ళు. మేస్త్రి కాబట్టి గేటు దగ్గర ఆమెను తడమరు. బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో పీల్చుకుంటుంది. ఇన్నేళ్ళలో ఫ్యాక్టరీలో ఏ పురుగుకీ తెలియదు. ఆమె చెయ్యి నడుం దాకా వెళ్ళింది. సంచి ముడి వేలికి తగిలింది. సూపర్‌వైజరు చూపు తన మీదికి వచ్చేసరికి ఆ చెయ్యి చెమట తుడుచుకుంటున్నట్టు పైకి పోయింది.

పిచ్చుక కళ్ళు ఒక్కొక్కరినీ వెతికాయి. తాతని చూసింది, సూపర్‌వైజర్ని చూసింది, పైన కదలని ఫ్యాన్లని చూసింది. పెద్దక్క వైపు మాత్రం చూడలేదు. పోనీలే, నన్ను చూడలేదు, అదే పదివేలనుకుంది పెద్దక్క. ఆ క్షణంలో ఆమె మనసులో వచ్చిన మాట అదే. దాన్ని ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు.

పరుపులు తీసుకెళ్ళే వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

పెద్దక్క భర్తది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. జబ్బు సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఎనిమిదేళ్ళ నుంచి ఇల్లు చీపురుతో ఊడవడు, తడిగుడ్డతోనే తుడుస్తాడు. దూది దిండ్లు తీసేశాడు. నూనె కాగితే పొగ గదిలోకి రాకుండా పొయ్యి కిటికీ కిందికి మార్చాడు. సిగరెట్టు మానేసి, మానేసినందుకు రోజూ ఆమెనే తిడతాడు. వెయ్యిమందికి పరుపులు కుట్టే మహారాణి చాప మీద పడుకుంటుందని వేళాకోళం చేస్తాడు. ఆ సాయంత్రం ఆమె అన్నం కెలుకుతూ కూర్చుంటే, పంపు వాడావా, ఆయాసం వచ్చిందా అని అడిగాడు. వాడలేదంది. ఆ మాట చెబుతుంటే ఆమెకు తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం పొద్దున్నే సూపర్‌వైజరు ఆఫీసు గదిలోకి పిలిచాడు. కుర్చీ వేసి కూర్చోమన్నాడు, ఎన్నడూ లేనిది. బల్ల మీద కాగితం ఉంది. ఆ అమ్మాయి జబ్బు దాచి పనిలో చేరిందని, నిషేధించిన వస్తువు లోపలికి తెచ్చిందని, జరిగినదానికి కంపెనీకి సంబంధం లేదని, ఇదంతా మేస్త్రి కళ్ళారా చూసిందని అందులో ఉంది. నీకెందుకమ్మా ఈ గొడవ, ఒక సంతకం పడేస్తే నువ్వు నీ పని చూసుకోవచ్చు, లేదంటే ఆ పంపు ఎవరిదో తేలేదాకా అందర్నీ వెతకాల్సి వస్తుంది, మేస్త్రుల్ని కూడా, అన్నాడు. మేస్త్రుల్ని కూడా అన్నప్పుడు నడుం దగ్గర సంచి నిప్పులా తగిలింది ఆమెకు. సంతకం పెట్టేసింది.

శనివారం సగంపూట. ఆసుపత్రికి వెళ్ళేసరికి పిచ్చుక తల్లి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఇళ్ళలో బట్టలు ఉతికే మనిషి, చదువు రాదు. పెద్దక్కని చూడగానే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. పొద్దున ఫ్యాక్టరీ మనిషి ఇచ్చి వెళ్ళిన కాగితం ఒళ్ళోంచి తీసి, నువ్వు రావడం మంచిదైంది, ఇదేంటో కాస్త చదివి పెట్టమ్మా, వైద్యం ఖర్చు ఇస్తామని రాసుంటారు కదా అంది.

పెద్దక్క చదివింది. పనిలోంచి తీసేశామని ఉంది, చదివింది. జబ్బు దాచి మోసం చేసిందని ఉంది, చదివింది. చివర ఒక వాక్యం మిగిలింది. అక్కడికి వచ్చేసరికి కాగితం మడిచేసి, అంతేనమ్మా అంది. ఆ తల్లి కాగితం రెండు చేతులా అందుకుని, నువ్వు కాబట్టి చదివి చెప్పావని దణ్ణం పెట్టింది.

లోపల నర్సు పిచ్చుకకి పంపు వాడడం నేర్పుతోంది. ఆమె మాట కాస్త కరుకే. ఊపితే చప్పుడు వచ్చినంత మాత్రాన మందున్నట్టు కాదట. మందు అయిపోయాక కూడా లోపలి గ్యాసు బుస్సుమంటూనే ఉంటుందట. ఎన్నిసార్లు నొక్కామో గుర్తు పెట్టుకోవాలి, అయిపోయిందాన్ని పారేయాలి. రోజూ పీల్చేది వేరు, ఆయాసం ముంచుకొచ్చినప్పుడు పీల్చేది వేరు, అది ఎప్పుడూ చేతికి అందేలా ఉండాలి. పిల్లికూతలు మొదలవగానే వాడాలి, తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. గాలిగొట్టంతో ఒళ్ళు ఊదుకుంటారని విని తల పట్టుకుంది.

"ఊపండి. ఊపిరంతా వదిలేయండి. పెదాలు బిగించి, నొక్కుతూ మెల్లగా పీల్చండి. పీల్చాక ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టండి. మూడుకే వదిలేస్తే మందు గొంతులోనే ఉండిపోతుంది."

పిచ్చుక వేళ్ళ మీద పది లెక్కపెట్టింది. నర్సు వెళ్ళిపోయాక పెద్దక్క మంచం అంచున కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దుప్పటి మడతలు సరిచేసింది. చెప్పేయాలనే వచ్చింది. చివరికి పిచ్చుకే అంది.

"నీ దగ్గర ఉందని నాకు తెలుసక్కా."

పెద్దక్క చెయ్యి దుప్పటి మీద ఆగిపోయింది.

"బాత్రూములో విన్నాను. కుళాయి తిప్పినంత మాత్రాన ఆ చప్పుడు నాకు తెలియదా? అందుకే ఆ రోజు నీ వైపు చూడలేదు. చూస్తే నువ్వు ఆగలేవు, తీసి ఇచ్చేస్తావు. నీ పని పోతుంది."

చూస్తే ఇచ్చేస్తావట. చూసినా ఇచ్చేదాన్ని కాదేమోనని పెద్దక్క ఒక్కదానికే తెలుసు. ఊపిరాడక కొట్టుకుంటూ కూడా ఆ పిల్ల తనని కాపాడింది. తనేమో ఆ పిల్ల కాపాడినంతసేపూ హాయిగా దాక్కుంది, మర్నాడు వెళ్ళి సంతకం కూడా పెట్టింది. భూమి చీలి లోపలికి తీసుకుపోతే బాగుండనిపించింది. అది చీలదు కదా, లేచి ఇంటికి నడిచింది. నడుస్తున్నంతసేపూ ఏడ్చింది.

ఆదివారం మధ్యాహ్నం అందరినీ భర్త సైకిలు కొట్టు వెనక పెరట్లోకి రమ్మని కబురు పెట్టింది. ముప్ఫైమంది దాకా వచ్చారు. పాత టైర్ల మీద, తిరగేసిన బకెట్ల మీద కూర్చున్నారు. పిచ్చుక తల్లి కూడా వచ్చింది. ఏదో చందాలు వేస్తారనుకున్నారు చాలామంది.

పెద్దక్క నిలబడి ఆ తల్లి చేతిలోంచి కాగితం అడిగి తీసుకుంది. నిన్న ఒక వాక్యం చదవలేదమ్మా అని, పైకి చదివింది. "పై విషయాలన్నీ హాలు మేస్త్రి స్వయంగా చూసి ధ్రువీకరించినవి." ఆ మేస్త్రిని నేనే, సంతకం నాదే అంది. తర్వాత నడుం దగ్గరి సంచి విప్పి, పంపు తీసి నేల మీద పెట్టింది. గురువారం ఇది నిండుగా నా దగ్గరే ఉంది అంది.

తల్లి దూరంగా జరిగి గోడకి ఆనుకుంది. ఆమె తిట్టినా పెద్దక్కకి తేలిగ్గా ఉండేది.

తిట్టింది సూదత్త. పరుపుల అంచులు కుట్టే మనిషి, నోరూ సూదీ ఒకటే.

"ఛీ. ఏం మనిషివే నువ్వు. పద్ధతిగా గొట్టం పట్టి దుమ్ము కొట్టి, పిల్ల చస్తుంటే నడుం తడుముకుంటూ నిలబడ్డావా? నీ మొహం చూడబుద్ధి కావడం లేదు."

సూదత్త ఇంకా ఏదో అనబోయి ఆగిపోయింది. తర్వాత తన అన్నం డబ్బా తెరిచి, అడుగు గిన్నె పైకి లాగి, దాని కిందినుంచి ఒక పంపు తీసింది. తెచ్చి పెద్దక్కదాని పక్కన పెట్టింది.

"ఆ రోజు నేను దానికి రెండడుగుల దూరంలో ఉన్నాను," అంది. ఆ గొంతు సూదత్తది కాదన్నంత మెల్లగా ఉంది.

తర్వాత ఒకామె కొప్పులోంచి తీసింది. యంత్రం తిప్పే అతను తలపాగా మడతల్లోంచి తీశాడు. ఇంకొకామె ఇంటికి పరుగెత్తి తెచ్చింది. తాత అందరికీ దొంగపంపు మోసి తెచ్చాడు కదా, ఆయన బనీను లోపలా ఒకటుంది. మొత్తం పద్నాలుగు. ఇన్నాళ్ళూ ప్రతివాళ్ళూ, ఎప్పుడో వచ్చే ఆయాసం అందరిదీ, ఒంటి మీద పంపు లేనిదే గడవని జబ్బు మాత్రం నాకొక్కదానికే, నాకొక్కడికే అనుకున్నారు. గురువారం సాయంత్రం ఊపిరాడని పిల్ల చుట్టూ పద్నాలుగు నిండు పంపులు నిలబడి చూశాయి. ఆ లెక్క అర్థమయ్యాక పెరట్లో ఎవరూ ఎవరి మొహం చూడలేకపోయారు. ఈ సంగతి వినే పని మనుషులారా, చదువుకునే పిల్లలారా, దొరలు మన చేత చేయించే అసలు పని ఇదే. పరుపులు కుట్టించడం కాదు.

ఏం చేద్దామన్న మాట వచ్చేసరికి రగడ మొదలైంది. యజమాని ఇంటికి వెళ్ళి బతిమాలదామన్నారు కొందరు. బతిమాలితే పద్నాలుగు పేర్లు మనమే రాసిచ్చినట్టు అన్నారు ఇంకొందరు. జబ్బులేని వాళ్ళు మాకెందుకని లేవబోయారు. అప్పుడు తాత అన్నాడు.

"దాచుకున్నన్నాళ్ళూ జబ్బు మనది. ఎవడి జబ్బు వాడిది, ఎవడి భయం వాడిది. అందరం బయటపెట్టామనుకో, ఆ జబ్బు హాలుదని తేలిపోతుంది. హాలు ఎవరిదిరా? ఆయనది. అప్పుడు జవాబు ఆయన చెప్పుకోవాలి."

లేవబోయినవాళ్ళు కూర్చున్నారు. పెద్దక్క మళ్ళీ నోరు తెరిచింది. ముందు నేను వెళ్తాను, నన్ను మీరు నమ్మనక్కర్లేదు, నా వెనక నడిస్తే చాలు అంది. నువ్వు మళ్ళీ నడుం తడుముకోకుండా చూడ్డానికైనా పక్కనే ఉంటానంది సూదత్త. ఎవరో నవ్వారు. ఆ పెరట్లో అదే మొదటి నవ్వు. పిచ్చుక తల్లి నవ్వలేదు, కానీ గోడ దగ్గర్నుంచి వచ్చి అందరి మధ్యా కూర్చుంది.

పెద్దక్క భర్త ఇంతసేపూ ఒక మూల కూర్చుని పాత సైకిలు ట్యూబును ఉంగరాల్లా కోస్తున్నాడు. ఒక్కో పంపుకీ ఒక్కో ఉంగరం తొడిగి, పరుపులు కుట్టే దళసరి దారం గుచ్చి, మెళ్ళో వేసుకునేలా కట్టాడు. జబ్బులేని వాళ్ళకి ఇంటి చూరులో దాచిన ఖాళీ పంపులు తీసి కట్టాడు. పెరట్లోకి రానివాళ్ళకి ఆ రాత్రే ఇంటింటికీ తిరిగి ఇచ్చొచ్చారు. భార్యవి ఎనిమిదేళ్ళ ఖాళీవి ఆయన పారేయలేదు. ఎందుకు దాచావంటే, ఎప్పుడో ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీ వాళ్ళ గుమ్మం ముందు కుప్పగా పోద్దామని అన్నాడు.

సోమవారం పొద్దున గేటు దగ్గర తడిమే ఆవిడ చెయ్యి చాచి అలాగే ఉండిపోయింది. వెతకడానికి ఏమీ లేదు. నలభైమంది మెడల్లోనూ బయటికే వేలాడుతున్నాయి. అగ్గిపెట్టెలున్నాయేమో చూసుకోమ్మా, అవి మాత్రం లేవు అంది పెద్దక్క. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. వెనకాల మేనేజరు వచ్చాడు. జబ్బున్నవాళ్ళు ఈ పక్కకి రండి అన్నాడు. నలభైమందీ ఆ పక్కకే జరిగారు. గేటు మూయించాడు.

పెద్దక్క గేటు ఊచల ముందు నిలబడి, పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ఫ్యాన్లు తిరిగేదాకా యంత్రాలు తిరగవంది. దుమ్ము తడిపి తుడవాలి, మూతికి సరైన ముసుగులివ్వాలి, గోడకి తాళంలేని డబ్బాలో నిండు పంపు ఉండాలి, పిచ్చుకని దుమ్ములేని చోట పనిలోకి తీసుకోవాలి. నీ జాబితా నీ దగ్గరే పెట్టుకో, పోలీసులకి ఫోను చేశాను, వ్యాను వస్తోంది, మొదట ఎక్కేది నువ్వే అన్నాడు మేనేజరు.

సరిగ్గా అప్పుడు గుంపు వెనక నుంచి దగ్గు వినిపించింది. పిచ్చుక. ఆదివారం సాయంత్రం ఇంటికి పంపారు, కదలొద్దన్నారు. ఆ పిల్ల మాట వింటే కదా. తల్లి చెయ్యి పట్టుకుని రోడ్డు చివర నుంచి గబగబా నడిచి వచ్చింది. వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. పిల్లికూతలు గేటు దాకా వినిపిస్తున్నాయి. తన పంపు ఇంట్లో మరిచిపోయింది. గుంపు రెండుగా విడిపోయింది.

పిచ్చుక తలెత్తి ఈసారి నేరుగా పెద్దక్క వైపు చూసింది.

పెద్దక్క మెళ్ళోని దారం తీసింది. పంపు ఊపి, మూతి తుడిచి, ఊపిరంతా వదిలేయవే అంది. పెదాలు బిగించు, మెల్లగా పీల్చు. నొక్కింది. ఇప్పుడు వదలకు అంది.

"ఒకటి," అంది పెద్దక్క.

"రెండు," అంది సూదత్త.

మూడుకి తాత కలిశాడు. నాలుగుకి అందరూ కలిశారు. ఐదు అన్నప్పుడు పక్క వీధి కొట్ల వాళ్ళు బయటికి వచ్చి చూశారు. నలభైమంది ఒక్క గొంతుతో ఏడు అన్నారు, ఎనిమిది అన్నారు. మేనేజరు ఏదో అరుస్తున్నాడు, వినపడలేదు. పది అనగానే పిచ్చుక ఊపిరి వదిలింది.

సూపర్‌వైజరుకి అలవాటైన ప్రశ్న నోటికి వచ్చేసింది.

"ఎవరిదది?"

"నాది," అంది పెద్దక్క. "గురువారం కూడా నాదే."

ఆ మాటతో ఆమె సిగ్గు తీరిపోయిందని నేను చెప్పను. ఇప్పటికీ తీరలేదు, తీరకూడదంటుంది ఆమె. వీధి మలుపులో వ్యాను కనిపించింది. పెద్దక్క అటు చూడలేదు. నిమిషం ఆగాలి, అప్పుడు రెండోది అంది పిచ్చుకతో. నిమిషం అందరూ ఆగారు. పోలీసులు దిగి దగ్గరికి వస్తుంటే ఆమె రెండోసారి నొక్కింది, నలభైమందీ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. గేటు లోపల నిలబడి తడిమే ఆవిడ పెదాలు కూడా వాళ్ళతో పాటే కదులుతున్నాయి.